తారీఖు మ్యూజియానికి దారెటు? ఉజ్బెకిస్తాన్‌కు మెడిసిన్ చదవడానికి వచ్చిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు

మొదటి రెండు వారాలూ ఎలా గడిచిపోతాయో తెలియదు. హాస్టల్ గది, రిజిస్ట్రేషన్ కాగితం, సిమ్ కార్డు, మన బియ్యం ఎక్కడ దొరుకుతాయన్న వెతుకులాట. అవన్నీ అయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం వస్తుంది. పప్పన్నం తిని పడుకుంటే నిద్ర పట్టదు, ఇంటికి ఫోన్ చేస్తే ఏడుపొస్తుంది. ఈ సూచనలు ఆ ఆదివారం కోసం. ఆ రోజు గదిలో ఉండకండి, మ్యూజియానికి పొండి.

నవ్వకండి. నాకు ఉజ్బెక్ భాష క్లాసులో కంటే మ్యూజియంలోనే ఎక్కువ వంటబట్టింది. బోర్డు మీద ‘తారీఖ్’ అని ఉంటుంది. మనకు తారీఖంటే క్యాలెండర్‌లో తేదీ, వీళ్ళకు చరిత్ర. ‘తలబా’ అంటే విద్యార్థి. టికెట్ కౌంటర్‌లో ముందు ఆ మాట చెప్పి కార్డు చూపించండి. విదేశీయులకు ధర ఎక్కువే ఉంటుంది కానీ, విద్యార్థులకు తగ్గించే చోట్లున్నాయి, అడిగితే పోయేదేమీ లేదు. ఇక ‘అకా’ అంటే అన్నయ్య! గుబురు మీసాల టాక్సీ డ్రైవర్‌ని అందరూ ‘అకా, అకా’ అంటుంటే మొదట్లో నాకు నవ్వాగేది కాదు. అక్కను మాత్రం ‘ఒపా’ అనాలి.

ఈ ఒపాలే మీ అసలు గురువులు. మ్యూజియంలో ఒక్కో గదిలో కుర్చీ వేసుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంటుంది. తిన్నగా వెళ్ళి ‘అస్సలాము అలైకుమ్, ఒపా’ అనండి. ‘హిందిస్తాన్?’ అని అడుగుతుంది. తలూపితే చాలు, రాజ్ కపూర్ దగ్గర మొదలుపెట్టి మీకెంతమంది అన్నదమ్ములో దాకా వస్తుంది. వచ్చీరాని మాటలతోనే జవాబు చెప్పండి. ‘రహ్మత్’ అంటే కృతజ్ఞతలు, అది మరిచిపోవద్దు.

తాష్కెంట్‌లో ఉన్నవాళ్ళు ముందు చరిత్ర మ్యూజియం చూడండి. ముస్తకిల్లిక్ మైదోని మెట్రో స్టేషన్‌లో దిగితే నడిచి వెళ్ళొచ్చు. 1970లో లెనిన్ మ్యూజియం కోసం కట్టిన భవనమది. అందులో ఫయాజ్ తెపా అనే పాత బౌద్ధారామం నుంచి తెచ్చిన బుద్ధుడి దగ్గర ఆగండి. దక్షిణాన తిర్మిజ్ దగ్గర తవ్వకాల్లో బయటపడ్డ సున్నపురాతి శిల్పం, బుద్ధుడికి అటూ ఇటూ ఇద్దరు భిక్షువులు. కుషాణుల కాలం నాటిది. మన అమరావతిలో స్తూపానికి పలకలు చెక్కుతున్న రోజులూ ఇంచుమించు అవే. గుంటూరు వైపు నుంచి వచ్చిన నా రూమ్మేట్ దాని ముందు చాలాసేపు నిలబడిపోయాడు. అదే నగరంలో అనువర్తిత కళల, అంటే చేతిపనుల మ్యూజియం ఉంది. ఒకప్పుడు రష్యన్ దౌత్యాధికారి పొలోవ్‌త్సెవ్ ఇల్లు. చెక్కిన స్తంభాలు, రంగుల పైకప్పులు, రిష్తాన్ అనే కుమ్మరుల ఊరి నీలి పింగాణీ, సూజనీలు అన్నీ అక్కడున్నాయి. సూజనీ అంటే సూదిపని చేసిన పెద్ద గుడ్డ, పెళ్ళికూతురి సారెలోకి ఇంట్లో ఆడవాళ్ళంతా కూర్చుని కుట్టేవారట.

సమర్కంద్‌లో చదివేవాళ్ళది అదృష్టం. అందరూ రెగిస్తాన్ అనే పాత మదర్సాల కూడలి ముందు ఫోటో దిగి వెనక్కొచ్చేస్తారు. మీరు అఫ్రసియాబ్ మ్యూజియానికి పొండి. 1965లో రోడ్డు వేస్తుంటే మట్టి కింద ఒక గది గోడలు బయటపడ్డాయి. 7వ శతాబ్దంలో ఈ ప్రాంతాన్నేలిన సోగ్డియన్ జాతి రాజు వర్ఖుమాన్ కాలం నాటి చిత్రాలవి. ఒక గోడ మీద దేశదేశాల రాయబారులు కానుకలు పట్టుకుని వస్తుంటారు, చీనా పట్టుతో కొందరు, ఈకలు పెట్టుకున్న కొరియావాళ్ళు కొందరు. ఇంకో గోడ మీద ఊరేగింపు, తెల్ల ఏనుగు. తూర్పు గోడ బాగా పాడైపోయింది, మిగిలినదాంట్లో కనిపించేది భారతదేశమేనని కొందరు పండితుల అభిప్రాయం. రంగులు వెలిసిపోయాయి కాబట్టి మొదటి చూపులో ఏమీ తెలియదు. కూర్చుని చూడండి, పది నిమిషాలకు ఒక్కో బొమ్మా పైకి తేలుతుంది.

అక్కడికి దగ్గర్లోనే, సమర్కంద్‌ను ఏలిన ఖగోళ శాస్త్రవేత్త ఉలుగ్‌బేగ్ వేధశాల. 1908లో వ్యాత్కిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త జాడ పట్టేదాకా అది ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు మిగిలింది ఆకాశాన్ని కొలవడానికి వాడిన పెద్ద పరికరంలో నేల కింద తొలిచిన వంపు మాత్రమే. ఉలుగ్‌బేగ్ పట్టికలో 1018 నక్షత్రాలున్నాయి. జంతర్ మంతర్‌లు కట్టించిన జైసింగ్‌కు కూడా దారి చూపింది ఈ పట్టికలే.

హైదరాబాద్ వాళ్ళకు ఒక మాట. మొదటి నిజాం తాత ఖ్వాజా ఆబిద్ ఈ సమర్కంద్ ప్రాంతం వాడే. ఔరంగజేబు కొలువులో చేరి, 1687లో గోల్కొండ ముట్టడిలో గాయపడి చనిపోయాడు. ఆయన సమాధి హిమాయత్ సాగర్ దగ్గరుంది. ‘మీ ఊరాయన మా ఊళ్ళో ఉన్నాడు’ అని ఒక ఒపాకు చెబితే పర్సులోంచి రెండు చాక్లెట్లు తీసి చేతిలో పెట్టింది.

బుఖారాలో ఉన్నవాళ్ళకు ఆర్క్ కోట ఎలాగూ తప్పదు. ఊరి బయట సితోరాయి మోహి ఖోసా, చివరి అమీర్ వేసవి భవనం. నాకు కోట కంటే అదే నచ్చింది.

పడమటి కరకల్పక్‌స్తాన్ ప్రాంతపు రాజధాని నుకుస్ మాత్రం సెలవుల్లో పెట్టుకోండి, తాష్కెంట్ నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. ఇగోర్ సవిత్‌స్కీ అనే చిత్రకారుడు, సోవియట్ ప్రభుత్వం చిన్నచూపు చూసిన కళాకారుల చిత్రాలను సేకరించి ఆ ఎడారి ఊళ్ళో దాచాడు. 1966లో మ్యూజియం తెరిచాడు. మాస్కో నుంచి దూరంగా ఉండటమే వాటిని కాపాడింది. అక్కడి కరకల్పక్ జనం నగలు, తివాచీలు కూడా చూడండి.

చిల్లర విషయాలు కొన్ని. చాలా మ్యూజియంలకు సోమవారం సెలవు. మొదటి ఏడాది క్లాసు ఎగ్గొట్టి మరీ ఒక సోమవారం వెళ్ళి తాళం కప్ప చూసి వచ్చాను. కొన్నిచోట్ల ఫోటోలకు వేరే డబ్బు కట్టాలి, ముందే అడగండి. పాస్‌పోర్టు నకలు దగ్గర ఉంచుకోండి.

చూసొచ్చిన ఉత్సాహంలో బజారులో పాత సూజనీ మీద మనసు పడుతుంది. ఆగండి. యాభై ఏళ్ళు దాటిన వస్తువులను సంస్కృతి శాఖ ధ్రువపత్రం లేకుండా దేశం దాటించనివ్వరు. మా సీనియర్ ఒకడు విమానాశ్రయంలో సంచీ మొత్తం విప్పి చూపించాల్సి వచ్చింది. అమ్మకు తీసుకెళ్ళాలనుకుంటే కొత్తదే కొనండి, రశీదు పారేయకండి.