తవుడు, చెక్క వేసే చేపల చెరువులో ఖనిజ లవణాలు ఎలా కలపాలి?

వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి వైపు రైస్ మిల్లులకు కొదవ లేదు. అందుకే బొచ్చె, రవ్వ, మృగాల, బంగారుతీగ పెంచేవాళ్ళలో చాలామంది మేత నూనె తీసిన తవుడు, పల్లి చెక్క లేదా పత్తి గింజల చెక్కతోనే నడుస్తుంది. మాంసకృత్తులు, పిండి పదార్థాలు వీటితో సరిపోతాయి. కొరత పడేది ఖనిజాల దగ్గర, ముఖ్యంగా భాస్వరం, జింకు దగ్గర. చేప సరిగ్గా ఎదగదు, తిన్నది కండ పట్టక కొవ్వుగా మారుతుంది, ఎముక మెత్తబడుతుంది. కొన్నింటికి వెన్ను వంకర పోతుంది, తల ఆకారం మారుతుంది.

ఇక్కడ చెప్పేదంతా మేత వేసి పెంచే సొంత చెరువులకే. వానాకాలంలో పిల్లలు వదిలి నీటిలో దొరికే ఆహారంతోనే పెరగనిచ్చే ఊరచెరువుల్లో మినరల్ చల్లితే డబ్బు నీళ్ళపాలే.

కొరత ఎక్కడ వస్తుంది?

తవుడులో భాస్వరం తక్కువేమీ కాదు. కానీ అందులో ఎక్కువ భాగం ఫైటేట్ అనే పదార్థం రూపంలో బిగుసుకుని ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైము చేప పేగులో లేదు. పైగా ఆ ఫైటేట్ జింకును కూడా పట్టుకుని ఒంటికి అందనివ్వదు.

కాల్షియం సంగతి వేరు. చేప దాన్ని మొప్పల ద్వారా నీళ్ళలోంచే తీసుకుంటుంది. మన బోరు నీళ్ళు చాలాచోట్ల గట్టి నీళ్ళు, కాల్షియం దండిగా ఉంటుంది. భాస్వరం మాత్రం నీళ్ళలో అంతగా దొరకదు, మేతలోనే రావాలి. కాబట్టి బస్తా మీద 'కాల్షియం ఎక్కువ' అని రాసి ఉంటే అది మీకు లాభం కాదు. మేతలో కాల్షియం పెరిగేకొద్దీ భాస్వరం, జింకు ఒంటికి పట్టడం తగ్గుతుంది. పశువులకు వాడే ఖనిజ మిశ్రమాన్ని చేపల మేతలో వేయకూడదు, కారణం ఇదే. అది పాలలో పోయే కాల్షియాన్ని భర్తీ చేయడానికి తయారైంది.

మొదట భాస్వరం కొనండి

షాపులో రెండు రకాలు దొరుకుతాయి: డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్), ఎంసీపీ (మోనోకాల్షియం ఫాస్ఫేట్). డీసీపీ చవక, అందుకే అందరూ అదే కొంటారు. కానీ బొచ్చె, రవ్వ జాతి చేపలకు ఆమ్లం ఊరే జీర్ణాశయం లేదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. ఆమ్లం లేనిదే డీసీపీ సరిగ్గా కరగదు. బంగారుతీగ మీద చేసిన పరీక్షల్లో ఎంసీపీలోని భాస్వరం 94 శాతం ఒంటబడితే, డీసీపీది 46 శాతమే పట్టింది.

లెక్క వేసి చూడండి. కిలో ఎంసీపీలో సుమారు 220 గ్రాముల భాస్వరం ఉంటుంది, అందులో 205 గ్రాముల పైనే చేపకు అందుతుంది. కిలో డీసీపీలో 180 గ్రాములు, అందేది 83 గ్రాములు. అంటే ఎంసీపీ ధర రెట్టింపు ఉన్నా అదే చవక.

రెంటినీ గుర్తుపట్టడం తేలికే. గ్లాసు మంచినీళ్ళలో అర చెంచా పొడి కలిపి, చెరువు నీటికి వాడే పీహెచ్ కాగితం ముంచండి. ఎంసీపీ అయితే పులుపు వైపు, 4 దగ్గర చూపుతుంది. డీసీపీ సరిగా కరగదు, 7 చుట్టూ ఉంటుంది. ఇంకో చెంచా పొడి మీద నిమ్మరసం పిండండి. బుసబుస పొంగితే సున్నపురాయి పొడి గట్టిగా కలిపారని అర్థం.

తర్వాత సూక్ష్మ ఖనిజాల మిశ్రమం

చేపల మేత కోసమని రాసి ఉన్నదే తీసుకోండి. 100 కిలోల మేతకు 1 కిలో వాడేదైతే, లేబుల్ మీద కిలోకు ఎన్ని మిల్లీగ్రాములు అని రాశారో దాన్ని 100తో భాగించండి. కిలో మేతలో పడేది అంతే. జింకు కనీసం 30 మిల్లీగ్రాములు, మాంగనీసు 13, రాగి 3 రావాలి. సెలీనియం 0.1 నుంచి 0.3 మధ్యలో ఉంటే చాలు, అది ఎక్కువైతే విషమే. అంకెలు రాయకుండా 'అన్ని ఖనిజాలూ ఉన్నాయి' అని మాత్రమే రాసిన ప్యాకెట్‌ను షాపులోనే వదిలేయండి.

వరికి వేసే జింక్ సల్ఫేట్, ఎరువుల సూపర్ ఫాస్ఫేట్ మేతలో కలపకూడదు. వాటిలో సీసం, కాడ్మియం, ఫ్లోరైడ్ ఉండే ప్రమాదం ఉంది. రొయ్యల చెరువు నీళ్ళలో చల్లే మినరల్ కూడా మేతకు పనికిరాదు.

కలిపే విధానం

1 ఎకరం చెరువులో సగటున అరకిలో బరువున్న చేపలు 2,000 ఉన్నాయనుకుందాం. మొత్తం బరువు 1,000 కిలోలు. 2 శాతం చొప్పున రోజుకు 20 కిలోల మేత. దానికి ఎంసీపీ 250 గ్రాములు, ఖనిజ మిశ్రమం 200 గ్రాములు. మిశ్రమంలోనే ఎంసీపీ ఉందని లేబుల్ మీద రాస్తే ఆ మేరకు తగ్గించండి. పిడికెడు, దోసెడు లెక్కలు వద్దు, వంటింటి తూకం యంత్రం వాడండి.

1. రాత్రి 6 కిలోల చెక్కను నీళ్ళలో నానబెట్టండి.

2. పొద్దున 500 గ్రాముల నూకలను 5 లీటర్ల నీళ్ళలో ఉడికించి చిక్కటి గంజి చేసి చల్లార్చండి. ఈ మెట్టు దాటేయకండి. ఎంసీపీ నీళ్ళలో తేలిగ్గా కరుగుతుంది. చేపకు మేలు చేసే గుణమే జిగురు లేని మేతలో చేటవుతుంది, నోటికి చేరకముందే కరిగిపోతుంది.

3. ముక్కుకు గుడ్డ కట్టుకుని, జల్లించిన పొడి తవుడు 2 కిలోలు తీసుకుని అందులో ఎంసీపీ, మిశ్రమం రెండూ కలపండి. రంగు అంతటా ఒకేలా వచ్చేదాకా తిప్పండి. దానికి 4 కిలోల తవుడు, ఆ తర్వాత మిగతా 8 కిలోలు చేర్చండి. ఒకేసారి 14 కిలోల మీద 450 గ్రాములు గుప్పితే ఒక ముద్దలో ఉండదు, ఇంకో ముద్దలో మోతాదు మించుతుంది.

4. నానిన చెక్క, గంజి పోసి పిసికి ముద్దలు చేయండి. ఒక ముద్దను బకెట్ నీళ్ళలో వేసి చూడండి. 15, 20 నిమిషాల దాకా విడిపోకూడదు. ముందే విచ్చుకుని నీళ్ళు గోధుమరంగుకు తిరిగితే గంజి పలచనైనట్టు.

5. ముద్దలను పళ్ళేల్లో పెట్టి రోజూ ఒకే చోట దించండి. 2 గంటలకు ఎత్తి చూసి, మిగిలితే మర్నాడు తగ్గించండి. వెదురు గుంజలకు కట్టే చిల్లుల బస్తాల్లో వేసినా ఈ ముద్దే వేయండి, పొడి తవుడు వద్దు.

విటమిన్ సి వాడేవాళ్ళు దాన్ని మినరల్‌తో కలిపి నిల్వ చేయకండి. రాగి, ఇనుము దాన్ని పాడుచేస్తాయి. మేత దించే ముందు విడిగా కలపాలి.

ఎక్కడ దెబ్బతింటుంది?

కంపెనీ గుళికల మేతలో ఖనిజాలు ముందే ఉంటాయి, మళ్ళీ కలపనక్కరలేదు. కొర్రమట్టకు జీర్ణాశయం ఉంది, దాని గుళికల్లో చేపపిండి కూడా ఉంటుంది, పై లెక్క దానికి వర్తించదు.

'ఎక్కువ వేస్తే త్వరగా ఎదుగుతాయి' అనుకుని ఎంసీపీ పెంచితే మిగులు భాస్వరం నీళ్ళలోకి చేరుతుంది. నీళ్ళు చిక్కటి పచ్చరంగుకు తిరుగుతాయి, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి చేపలు పైకి తేలి గుటకలు వేస్తాయి. అలా కనిపిస్తే ఆ రోజు మేత ఆపి, నీళ్ళు మార్చి, ఎంసీపీ మోతాదు చూసుకోండి.

వెన్ను వంకర ఒకటీ రెండింటిలోనే కనిపిస్తే అది పిల్ల లోపం కావచ్చు. వలకు పడినవాటిలో చాలా చేపలకు ఉంటే భాస్వరం గానీ విటమిన్ సి గానీ తక్కువైనట్టు. కంట్లో తెల్లపొర జింకు లోటుతోనూ వస్తుంది, పరాన్నజీవులతోనూ వస్తుంది. మందు కొనేముందు చేపను జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో గానీ మామునూరు కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ చూపించండి.

15 రోజులకోసారి వల వేసి 50 చేపలను తూచి, సగటు బరువుతో మేత, మినరల్ లెక్కను కొత్తగా రాసుకోండి. డిసెంబరు, జనవరి చలికి తిండి తగ్గినప్పుడు మినరల్ కూడా మేతతో పాటే తగ్గాలి. మినరల్ బస్తాను నేల మీద కాక చెక్క పలక మీద, మూతి కట్టి ఉంచండి. చెమ్మకు గడ్డకట్టిన పొడి సమంగా కలవదు, దాన్ని వాడకండి.