వాన పడితే డ్రైనేజీ పొంగుతోందా? మురుగు లైనులోకి వాన నీరు, ఊట నీరు రాకుండా ఆపడం ఎలా?

వాన మొదలైన కాసేపటికే గేటు ముందు మ్యాన్‌హోల్ పొంగి, వాన ఆగిన గంటకో రెండు గంటలకో తనంతట తానే తగ్గిపోతోందా? అది సాధారణంగా జామ్ కాదు. జామ్ అయితే ఎండాకాలంలోనూ పొంగుతుంది. వానకు మాత్రమే పొంగుతోందంటే మురుగు లైనులోకి వాన నీరు దూరుతోందన్నమాట. అప్పుడు ఎన్నిసార్లు జెట్టింగ్ (నీటిని ఒత్తిడితో కొట్టి లైను శుభ్రం చేయడం) చేయించినా డబ్బు దండగే.

లెక్క చూడండి. చదరపు మీటరు మీద 1 మి.మీ. వాన పడితే 1 లీటరు. 300 చదరపు మీటర్ల డాబా మీద గంటలో 40 మి.మీ. కురిస్తే 12,000 లీటర్లు. 20 ఫ్లాట్లు, ఫ్లాటుకు నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్ల వాడకం, అందులో 80 శాతం మురుగు అనుకుంటే రోజు మొత్తానికి వచ్చేది 8,640 లీటర్లే. 1:100 వాటంతో (100 మీటర్లకు ఒక మీటరు దిగేలా) వేసిన 150 మి.మీ. పైపు నిండుగా పారినా సెకనుకు సుమారు 15 లీటర్లే మోస్తుంది. ఇలాంటి డాబాలు ఐదు కలిస్తే ఆ లైను పని అయిపోయినట్టే. అందుకే మురుగు పైపుల పగుళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు డాబా పైపులు చూడాలి.

1. రంగు నీళ్లతో పైపులు పట్టుకోండి

డాబా మీద ఎన్ని వాన పైపులున్నాయో లెక్కపెట్టి నంబర్లు వేయండి. కింద ఛాంబర్ (ఆవరణలో మురుగు పైపులు కలిసే గుంత) మూత తీసి ఒకరు నిలబడాలి. పైన ఒక్కో పైపులో మిఠాయి రంగు కలిపిన రెండు బకెట్ల నీళ్లు పోయాలి. ఛాంబర్‌లో రంగు కనిపిస్తే ఆ పైపు మురుగు లైనుకు కలిసినట్టే. ఒక పైపు రంగు పూర్తిగా పోయాకే రెండోది పోయండి, లేకపోతే ఏది ఏదో తేలదు. బాల్కనీ నీళ్లు, ఓవర్‌హెడ్ ట్యాంకు ఓవర్‌ఫ్లో, సెల్లార్ ఊటను తోడే మోటారు పైపు కూడా ఇలాగే చూడాలి. సెల్లార్ మోటారును చాలామంది మరిచిపోతారు. అది వానాకాలమంతా రాత్రీ పగలూ ఊట నీటిని మురుగులోకి తోడుతూనే ఉంటుంది.

2. దారి మళ్లించండి

దొరికిన పైపును నేల మట్టానికి కాస్త పైన కోసి, బెండ్ పెట్టి, ఇంకుడు గుంతకో వరద కాలువకో కలపండి. ఛాంబర్ వైపు మిగిలిన ముక్కకు ఎండ్ క్యాప్ (పైపు చివర మూత) పెట్టి సాల్వెంట్‌తో (పీవీసీ జిగురుతో) అతికించాలి. గుడ్డలు కుక్కి పైన సిమెంటు పూస్తే నిలవదు.

ఇంకుడు గుంతను మురుగు ఛాంబర్ పక్కనే తవ్వించకండి. కనీసం 3 మీటర్ల దూరం ఉంచండి, స్థలముంటే ఇంకా ఎక్కువ. పక్కనే ఉంటే గుంతలో ఇంకిన నీరు పైపు జాయింట్ల గుండా మళ్లీ మురుగులోకే వస్తుంది. ఎండాకాలంలో అదే జాయింటు నుంచి మురుగు గుంతలోకి పోతుంది.

3. గల్లీ ట్రాప్, ఛాంబర్ మూతలు

ఆవరణకు వేసిన బండల వాటం గల్లీ ట్రాప్ (వంటగది, బాత్రూం నీళ్లు మురుగు లైనులోకి దిగే జాలీ గుంత) వైపే ఉంటే, ఆవరణలో పడిన వానంతా అందులోకే. ట్రాప్ చుట్టూ 75 నుంచి 100 మి.మీ. ఎత్తున గట్టు కట్టి, వంటగది, బాత్రూం పైపులు మాత్రమే లోపలికి వచ్చేలా చేయండి.

మూతలదీ ఇదే సంగతి. మూతలో 25 మి.మీ. రంధ్రం ఒక్కటున్నా, దానిపై 15 సెం.మీ. నీరు నిలిస్తే గంటకు సుమారు 1,800 లీటర్లు దిగుతాయి. నీరు నిలిచే చోట ఛాంబర్ ఫ్రేమును నేల కంటే 100 నుంచి 150 మి.మీ. పైకి లేపండి. బండ్లు తిరిగే చోట లేపలేరు కాబట్టి రబ్బరు సీలున్న, రంధ్రాలు లేని మూత వేయించండి.

4. రాత్రి ఊట పరీక్ష

వాన ఆగిన రెండు రోజుల తర్వాత, తెల్లవారుజామున 3 గంటల ప్రాంతంలో వీధి లైనుకు ముందున్న చివరి ఛాంబర్ తెరవండి. అందరూ నిద్రపోయే ఆ వేళ తేటగా నీరు పారుతుంటే అనుమానించాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి ఇళ్లకు వెళ్లే వాల్వులు ఓ గంట కట్టేయండి. ప్రవాహం ఆగితే అది ఎవరి ఫ్లష్ ట్యాంకో కారుతున్నట్టు. ఆగకపోతే నేలలోంచి ఊట వస్తోంది. అప్పుడు ఒక్కో ఛాంబర్ వెనక్కి వెళ్తూ చూడండి. ఏ రెండు ఛాంబర్ల మధ్య నీరు పెరిగిందో ఆ ముక్కలోనే లోపముంది.

ఈ వెతుకులాట ఆగస్టు, సెప్టెంబరుల్లో చేయాలి, మరమ్మతు ఏప్రిల్, మేలలో. ఎండాకాలంలో నీటిమట్టం పడిపోయి ఊట కనిపించదు కాబట్టి, కారే చోటును వానాకాలంలోనే పెయింటుతో గుర్తుపెట్టి ఫొటో తీసి ఉంచండి.

5. ఛాంబర్ మరమ్మతు

ఎక్కువసార్లు కారేది గోడ మధ్యలో కాదు, పైపు గోడలోకి దిగే చోట. నున్నటి పీవీసీకి సిమెంటు అతుక్కోదు, చుట్టూ వెంట్రుకవాసి సందు ఏర్పడుతుంది.

మురుగు వచ్చే వైపున్న ముందరి ఛాంబర్ అవుట్‌లెట్‌కు (నీరు బయటికి పోయే పైపుకు) రబ్బరు ప్లగ్ బిగించి, దానికి తాడు కట్టి పైన ముడి వేయండి. తాడు లేని ప్లగ్ లైనులోకి జారితే కొత్త జామ్ తయారు. పైపు చుట్టూ 25 మి.మీ. లోతున గాడి చెక్కి, వదులు మాలు, బురద కడిగేయాలి. నీరు కారుతూనే ఉంటే నిమిషాల్లో గట్టిపడే వాటర్ ప్లగ్ సిమెంటును ముద్ద చేసి, గట్టిపడేదాకా అరచేత్తో నొక్కి పట్టాలి. చేతికి గ్లౌజులు తప్పనిసరి. దానిపై నాన్‌ష్రింక్ గ్రౌట్ (ఆరాక కుంచించుకుపోని మాలు), ఆపైన వాటర్ ప్రూఫింగ్ కాంపౌండ్ కలిపిన 1:3 మాలుతో 12 మి.మీ. ప్లాస్టరింగ్. పని కాగానే ప్లగ్ తీయడం మరవకండి.

మనిషి దిగాల్సినంత లోతున్న ఛాంబరైతే ఎవరినీ దింపవద్దు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు ఎక్కువగా పేరుకుంటే ఒకటి రెండు పీల్పులకే స్పృహ తప్పిస్తుంది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని మురుగులోకి దించడం మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం (2013) ప్రకారం నేరం.

6. రెండు ఛాంబర్ల మధ్య పైపు

ఒక్క జాయింటు మూస్తే ఊట పక్క జాయింటును వెతుక్కుంటుంది. కాబట్టి ఛాంబర్ నుంచి ఛాంబర్ దాకా ఆ ముక్క మొత్తం ఒకేసారి మార్చండి. పాత స్టోన్‌వేర్ (కాల్చిన మట్టి) పైపుల జాయింట్లలో వేప, రావి వేళ్లు దూరి ఉంటే కోసేయడం తాత్కాలికమే, మళ్లీ వస్తాయి. రబ్బరు రింగు జాయింటున్న పైపు వేయడం మేలు. ఇంతకాలం కారుతున్న మురుగు లైనే నేలలోని నీటిని లాగేస్తుండొచ్చు. అది మూసుకున్నాక పక్కనే ఉన్న సెల్లార్‌లో కొత్తగా చెమ్మ కనిపించవచ్చు. ఆ నీటికి వరద కాలువ దారి ముందే చూసుకోండి.

వీధి లైను సంగతి

గేటు బయట లైను మీది కాదు. హైదరాబాద్‌లోనైతే జలమండలికి (నగర నీటి, మురుగు బోర్డుకు) 155313లో ఫిర్యాదు చేయొచ్చు. "పొంగుతోంది" అని మాత్రమే చెబితే వాళ్లు జామ్ తీసి వెళ్తారు. "వానకే పొంగుతోంది, మా ప్రాంగణంలో వాన పైపులన్నీ విడదీశాం, ఫలానా మ్యాన్‌హోల్ మూత రోడ్డు కంటే కిందికుంది" అని ఫొటోలతో చెప్పండి. రోడ్డు మీద నిలిచిన నీరు పోవాలని మ్యాన్‌హోల్ మూత ఎత్తే అలవాటు ఉంటే కాలనీలో మాన్పించండి. ఆ నీటితో పాటు మట్టి, ప్లాస్టిక్ దిగి లైనులో పేరుకుంటాయి. తెరిచిన మూత నీళ్ల కింద ఎవరికీ కనిపించదు.