కళాయాత్రకు వెళ్లేముందు మ్యాపు చూసుకోండి

పట్టణంలోని చిత్రకారులు, శిల్పులు తమ పనిగదుల తలుపులు తెరిచి సందర్శకులను ఆహ్వానించే కళాయాత్రలో అన్నిచోట్లకూ ఒక్కరోజులోనే వెళ్లాలనుకుంటే చివరికి కాళ్లనొప్పులే మిగులుతాయి. ముందురోజే మ్యాపు తీసి, ఏ చోటు ఏ వేళల్లో తెరిచి ఉంటుందో సరిచూసుకుని, నడిచి వెళ్లగలిగేంత దగ్గరగా ఉన్న నాలుగైదింటిని ఎంచుకోవడం మేలు. దుకాణాల గోడలకు వేలాడదీసిన చిత్రాలను తర్వాతైనా చూడవచ్చు గానీ, కళాకారులు పనిచేసే గదులు మామూలు రోజుల్లో మనకు తెరిచి ఉండవు కనుక మొదటి ప్రాధాన్యం వాటికే ఇవ్వాలి. "ఇది ఎలా చేశారు?" అని అడిగితే చాలు, సగం చెక్కిన అచ్చుదిమ్మెను, దానిమీద ఇంకా ఆరని సిరాను చూపిస్తూ చాలామంది ఉత్సాహంగా వివరిస్తారు.

అచ్చుచిత్రం, అంటే ఒకే బొమ్మను పలు ప్రతులుగా అచ్చువేసినది, కొనదలిస్తే కింది అంచున పెన్సిలుతో రాసిన అంకెలను గమనించండి. 12/50 అని ఉంటే మొత్తం 50 ప్రతుల్లో అది 12వదని అర్థం. అయితే అంకె ఉన్నంతమాత్రాన అది చేత్తో అచ్చువేసినదే అనుకోనక్కరలేదు, ఆ సంగతి కళాకారులనే సంకోచించకుండా అడగవచ్చు. పాస్టెల్ (రంగుసుద్ద), బొగ్గు చిత్రాలు వేలు తగిలినా చెదిరిపోతాయి కాబట్టి వాటిని తాకరాదు. ఫోటో తీసేముందు అనుమతి తప్పనిసరి.