ఈపాస్ స్కాలర్‌షిప్ ఆగిపోయిందా? ఎవరి దగ్గర ఆగిందో ముందు చూడండి

తెలంగాణలో పదో తరగతి తర్వాతి చదువులకు ప్రభుత్వం ఇచ్చే ఉపకార వేతనం, ఫీజు రీయింబర్స్‌మెంట్ రెండూ ఈపాస్ పోర్టల్ ద్వారానే వస్తాయి. 'రిజెక్ట్ అయిందట' అని పిల్లలు దిగులు పడుతుంటారు కానీ, చాలాసార్లు అప్లికేషన్ ఎక్కడో ఒకచోట ఆగి ఉంటుంది. అంతే. అప్లికేషన్ నంబర్, పదో తరగతి హాల్‌టికెట్ నంబర్, పుట్టిన తేదీ దగ్గర పెట్టుకుని స్టేటస్ తెరవండి. అక్కడ కనిపించేదాన్ని బట్టి కింద చూడండి.

పేరు కలవడం లేదంటోంది

పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో పొడి అక్షరం ఒక్కటే ఉంటుంది. లేదా స్పెల్లింగ్‌లో ఒక అక్షరం ఎక్కువో తక్కువో ఉంటుంది. మనిషికి అది ఒకే పేరు, కంప్యూటర్‌కు కాదు. ఇలాంటప్పుడు మెమో జోలికి పోకండి, ఆధార్‌నే మెమోకు తగ్గట్టు మార్పించండి. మెమో దిద్దించాలంటే బోర్డు చుట్టూ తిరగాలి, సీజన్ కాస్తా దాటిపోతుంది. ఒక జాగ్రత్త: ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. అందుకే ఒరిజినల్ మెమో తీసుకెళ్లి, ఆపరేటర్ కొట్టిన పేరును రసీదు మీద అక్షరం అక్షరం సరిచూసుకున్నాకే కౌంటర్ దగ్గర్నుంచి కదలండి.

మీసేవలో వేలిముద్ర పడటం లేదు

ఆన్‌లైన్‌లో సబ్మిట్ కొట్టగానే పని అయిపోయినట్టు కాదు, బయోమెట్రిక్ కూడా ఇవ్వాలి. ఇంటర్ పిల్లలకు ఇక్కడ తరచూ ఎదురయ్యే చిక్కు ఏమిటంటే, ఆధార్‌లో ఉన్నవి చిన్నప్పటి వేలిముద్రలు. 15 ఏళ్లు నిండాక వేలిముద్రలు, కంటిపాప మళ్లీ ఇవ్వాలన్న నియమం చాలా ఇళ్లలో తెలియదు. ఆధార్ కేంద్రానికి వెళ్లి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించండి. 15 నుంచి 17 ఏళ్ల మధ్య అది ఉచితం. అప్‌డేట్ పూర్తయిందని మెసేజ్ వచ్చాకే మళ్లీ మీసేవకు వెళ్లండి. సెలవుల్లో కూలికి వెళ్లే పిల్లల వేళ్లు అరిగిపోయి ఉంటాయి. వాళ్లను 'పడట్లేదు, వెళ్లు' అని పంపేయకుండా పది వేళ్లూ ప్రయత్నించమని ఆపరేటర్‌ను అడగండి. అలా అడిగే హక్కు మీకుంది.

ఆదాయ సర్టిఫికెట్ నంబర్ తీసుకోవడం లేదు

ఎక్కువగా అది పాతదై ఉంటుంది. మీసేవలో దరఖాస్తు చేసి, తహసీల్దార్ ఇచ్చే కొత్తది తెచ్చుకోండి. బీసీలకు, ఈబీసీలకు (ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు) ఏడాది ఆదాయ పరిమితి పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షలు.

స్టేటస్‌లో 'కాలేజీ దగ్గర పెండింగ్' అని ఉంది

అప్లికేషన్ ప్రింటు, జిరాక్సులు కాలేజీలో ఇచ్చారా? ఇవ్వకపోతే ఆగింది మీ దగ్గరే. ఇచ్చి ఉంటే, కాలేజీ వాళ్లు పరిశీలించి సంక్షేమ శాఖకు పంపలేదన్నమాట. ఆఫీసులో నోటిమాటగా అడిగితే 'చూస్తాంలే' అంటారు. ప్రిన్సిపాల్ పేరిట చిన్న ఉత్తరం రాసి, అప్లికేషన్ నంబర్ వేసి, ఒక కాపీ మీద స్టాంపు వేయించుకోండి. హాజరు 75 శాతం ఉందో లేదో కూడా అప్పుడే తేల్చుకోండి, అది తగ్గితే ఎవరూ ఏమీ చేయలేరు.

శాంక్షన్ అయింది, డబ్బు రాలేదు

ఇక్కడ రెండు డబ్బులున్నాయని గుర్తుంచుకోండి. మెయింటెనెన్స్ డబ్బు, అంటే ఎంటీఎఫ్, విద్యార్థి ఖాతాలో పడుతుంది. ట్యూషన్ ఫీజు, అంటే ఆర్టీఎఫ్, సాధారణంగా కాలేజీకి వెళ్తుంది. కాబట్టి ఏది రాలేదో ముందు తేల్చుకోండి.

ఎంటీఎఫ్ రాకపోతే బ్యాంకు సీడింగ్ చూడండి. ఖాతాకు ఆధార్ నంబర్ ఇచ్చి ఉండటం వేరు, ప్రభుత్వ సొమ్ము పడేలా ఆ ఖాతాను ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే జాతీయ సంస్థలో) ఆధార్‌తో జతచేయడం వేరు, ఈ రెండోదే సీడింగ్. మైఆధార్ సైట్‌లో బ్యాంకు సీడింగ్ స్టేటస్ తెరిస్తే ఏ బ్యాంకు పేరుందో కనిపిస్తుంది. కొత్త ఖాతా తెరిచినప్పుడు సీడింగ్ అటు మారిపోయి ఉండొచ్చు, అప్పుడు డబ్బు మీరు చూడని ఖాతాలో పడి ఉంటుంది. రెండేళ్లు వాడని ఖాతా పనిచేయకుండా పోతుంది. బ్యాంకుకు వెళ్లి కేవైసీ ఇచ్చి తెరిపించుకుని, సీడింగ్ ఫారం రాసివ్వండి.

బిల్లు ట్రెజరీలో ఉందని చూపిస్తే మీ వైపు లోపమేమీ లేదు, నిధులు విడుదల కావాలి. దాన్ని కదిలిస్తానని డబ్బడిగే వాళ్లకు పైసా ఇవ్వకండి. ఈలోగా ఫీజు కడితేనే సర్టిఫికెట్లు ఇస్తామని కాలేజీ అంటే, శాంక్షన్ స్టేటస్ ప్రింటు తీసుకుని జిల్లా సంక్షేమ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ప్రభుత్వం ఇవ్వాల్సిన బాకీకి పిల్లల పై చదువు ఆగిపోవడం అన్యాయం. ఆ మాట ఉత్తరంలో రాయడానికి జంకకండి.

మొదటి ఏడాది వచ్చింది, రెండో ఏడాది రాలేదు

రెన్యూవల్ వేయలేదేమో చూడండి. ఒకసారి శాంక్షనైతే కోర్సు అయ్యేదాకా దానంతటదే రాదు, ఏటా వేయాలి. పాత అప్లికేషన్ వివరాలతోనే రెన్యూవల్‌లోకి వెళ్లండి, అదే కోర్సుకు మళ్లీ ఫ్రెష్‌గా వేయకండి. గడువు తేదీ కాలేజీ నోటీసు బోర్డు మీద పెడతారని ఎదురుచూడకుండా పోర్టల్లోనే చూసుకోండి.