లోహపు పొడితో పోత శిల్పాలు: నిజమైన లోహపు మెరుపు తెచ్చే విధానం

కొలిమి, లోహం కరిగించే మూస లేకుండా కంచు, రాగి, ఇత్తడి శిల్పాల రూపాన్ని సాధించే పద్ధతిని కోల్డ్ కాస్టింగ్ అంటారు. ఇందులో లోహాన్ని కరిగించరు. మెత్తని లోహపు పొడిని ద్రవరూపంలోని రెజిన్‌లో (రెండు భాగాలు కలిపితే ప్లాస్టిక్‌లా గట్టిపడే పదార్థంలో) కలిపి, సిలికోన్ రబ్బరు అచ్చులో పోసి గట్టిపడనిస్తారు. పైపూత రంగుకు లేని గుణం దీనికుంది: పై పొరలో ఉన్నది నిజమైన లోహమే కనుక రుద్దితే మెరుస్తుంది, తగిన రసాయనం తగిలితే చిలుము పడుతుంది.

పొడి ఎంపికలో రాజీ పడకూడదు. కరిగిన లోహాన్ని తుంపరలుగా చిమ్మి చల్లార్చిన పొడి, 325 మెష్ జల్లెడలో, అంటే సుమారు 44 మైక్రాన్ల రంధ్రాలలో, దిగేంత మెత్తనిది కావాలి. కంచు రంగులో మెరిసే మైకా (అభ్రకం) పొడులు చూడటానికి అందంగానే ఉంటాయి గాని, వాటిలో లోహం ఉండదు కాబట్టి ఎంత రుద్దినా లోహపు మెరుపు రాదు. పొడిలో తేమ ఉండరాదు. పాలియురెథేన్ రెజిన్ తేమ తగిలితే బుడగలు పొంగుతుంది.

పని మొదలుపెట్టే ముందే, దుమ్మును ఆపే రెస్పిరేటరు, చేతి తొడుగులు ధరించాలి. అల్యూమినియం పొడి గాలిలో లేచినప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలగలదు. దాన్ని ఇనుప తుప్పుతో ఎన్నడూ కలపరాదు.

మొదట మెత్తని కుంచెతో పొడిని అచ్చు లోపలి గోడలకు, ముఖ్యంగా సన్నని గీతలలోకి, పట్టించి, మిగిలినది దులిపివేయాలి. తరువాత ముఖపు పొర, అంటే శిల్పం పైకి కనిపించే లోహపు పొర, కోసం మిశ్రమం కలపాలి. రెజిన్ రెండు భాగాలను, లోహపు పొడిని ఘనపరిమాణంలో సమానంగా తీసుకోవడం మంచి ఆరంభం. రెజిన్ తయారీదారు రెండు భాగాలకు వేరే నిష్పత్తి సూచిస్తే దానినే పాటించాలి. పొడిని ముందు ఒక భాగంలో ఉండలు లేకుండా కలిపి, ఆ తరువాతే రెండవ భాగం చేర్చాలి, ఎందుకంటే రెండూ కలిసిన క్షణం నుంచి రెజిన్ గట్టిపడే గడువు మొదలవుతుంది. మిశ్రమం చిక్కటి తేనెలా జారాలి.

రాగి సాంద్రత నీటికి దాదాపు తొమ్మిది రెట్లు, రెజిన్‌ది నీటికంటే కొద్దిగా ఎక్కువ. అందువల్ల పొడి అడుగుకు దిగుతుంది. ముఖం కిందికి ఉండే ఫలక శిల్పానికి ఇది మేలే, లోహమంతా చెక్కడం మీదికే చేరుతుంది. గుండ్రని విగ్రహానికి మాత్రం, మిశ్రమం చిక్కబడి కదలిక ఆగేవరకూ అచ్చును అన్ని వైపులకూ తిప్పుతూ ఉండాలి, లేకపోతే ఒక పక్క లోహం, మరో పక్క ఉత్త రెజిన్ మిగులుతుంది. లోహం ముఖపు పొరలో ఉంటే చాలు. ఆ పొర ఇంకా వేలికి అంటుకునే స్థితిలో ఉండగానే వెనుక సాధారణ రెజిన్ నింపవచ్చు. నల్ల రంగు చుక్క కలిపితే లోతు వస్తుంది, ఇనుప గుళ్లు కలిపితే బరువు వస్తుంది. పెద్ద మొత్తాన్ని ఒకేసారి పోస్తే రెజిన్ బాగా వేడెక్కుతుంది కాబట్టి విడతలుగా పోయడం మంచిది.

అచ్చు నుంచి తీసిన శిల్పం మెరుపు లేకుండా, దాదాపు ప్లాస్టిక్‌లా కనిపిస్తుంది. ఇది లోపం కాదు; లోహపు రేణువులను పలుచని రెజిన్ పొర కప్పి ఉంచింది, అంతే. రెజిన్ పూర్తిగా గట్టిపడ్డాక అతుకు గీతలను సన్నని గరుకు కాగితంతో సరిచేసి, 0000 నంబరు స్టీల్ ఊలుతో (అతి సన్నని ఉక్కు పీచుతో) ఓపికగా రుద్దితే లోహం బయటపడుతుంది. ముక్కు, భుజం, వస్త్రపు మడతల అంచులు వంటి ఎత్తు భాగాలనే గట్టిగా రుద్ది, లోతులను మసకగానే వదలడం నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన అంశం, ఎందుకంటే అంతటా సమానంగా మెరిసే విగ్రహంలో చెక్కడం కంటికి ఆనదు. లోతులలో పలుచని నల్ల రంగు పూసి, ఎత్తులపై గుడ్డతో తుడిచినా ఇదే ఫలితం వస్తుంది.

చిలుము కావాలంటే రుద్దడం ముగిసిన తరువాతే ప్రయత్నించాలి. రెజిన్ కింద దాగిన రేణువుకు రసాయనం అందదు. రాగి, కంచులపై ఉప్పు, అమ్మోనియా ఆవిరి ఆకుపచ్చ ఛాయ తెస్తాయి. ఇనుప పొడికి ఉప్పు కలిపిన వెనిగరు చాలు, త్వరలోనే తుప్పు రంగు తేలుతుంది. కోరిన రంగు రాగానే నీటితో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, మైనం పలుచగా పూసి గుడ్డతో మెరుగు పెట్టాలి. ఆరుబయట ఉంచే శిల్పానికి ఈ మైనపు పూతను అప్పుడప్పుడూ మళ్లీ వేయాలి.