నాట్లకు దిగేముందు: పొత్తికడుపుకి కరెంటు పెట్టించుకున్న అక్కలకు జాగ్రత్తలు

కాలవలకు నీళ్లొదిలారు, కోనసీమలో సార్వా నాట్లు దగ్గరపడ్డాయి. గర్భసంచి ముఖద్వార కేన్సర్‌కి రేడియేషన్ (కరెంటు) అయిన అక్కలు చేలో దిగేముందు ఇవి చూసుకోండి.

– నడుం కిందో, పిరుదుల్లోనో, గజ్జల్లోనో కొత్తగా నొప్పి వస్తే నడుం తొక్కించుకోవద్దు. రేడియేషన్ తగిలిన త్రికాస్థి (వెన్ను చివర, నడుం కింద ఉండే ఎముక) పెళుసుబారి, కింద పడకపోయినా బీటలివ్వొచ్చు. నిలబడితే ఎక్కువై, పడుకుంటే తగ్గుతోందా? అనుమానించాల్సిందే. ఇది వచ్చినవాళ్లలో ఎక్కువమందికి రేడియేషన్ అయిన మొదటి రెండేళ్లలోనే వస్తుంది.

– ఎక్స్‌రే బాగుందని ఊరుకోవద్దు. ఈ బీటలు అందులో తరచూ కనబడవు, ఎంఆర్ఐలో తెలుస్తాయి. రేడియేషన్ ఫైలు తప్పకుండా చూపించండి. లేదంటే కేన్సర్ ఎముకకు పాకిందని పొరబడే ప్రమాదం ఉంది. ఆ ఒక్క మాటకి ఇల్లంతా కుంగిపోతుందమ్మా.

– డాక్టరు రాయని స్టెరాయిడ్ బిళ్లలు నొప్పికని వారాల తరబడి మింగొద్దు. ఎముక ఇంకా గుల్లబారుతుంది.

– ఎముకల గట్టిదనం చూసే డెక్సా స్కాన్, విటమిన్ డి పరీక్ష గురించి డాక్టర్ని అడగండి. రేడియేషన్ వల్ల చిన్న వయసులోనే ముట్లు ఆగిపోయినవాళ్లకు మరీ అవసరం.

– నారు కట్టలు మోసే పని వేరేవాళ్లకు వదిలేయండి. నొప్పి లేనివాళ్లు నడక మాత్రం మానొద్దు.

– కాళ్లు మొద్దుబారినా, మూత్రం తెలియకుండా పోయినా అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి.