లంక ఊరికి వరద పటం గీసుకోవడం ఎలా

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. టీవీలో ఆ అంకె రాగానే లంకలో, అంటే ఏటి మధ్య దిబ్బ మీది ఊళ్ళో, అందరూ అడిగేది ఒక్కటే: "అయితే మన వీధిలోకి ఎప్పుడొస్తాయి నీళ్ళు?" ఆ జవాబు ఊరే రాసి పెట్టుకోవాలండి. నేను కోనసీమలో గోదారి వైనతేయ పాయ పక్కన తాపీ పని చేస్తాను. మేం పునాదుల మట్టం చూడటానికి వాడే లెవెల్ పైపు (నీళ్ళు నింపే పారదర్శక గొట్టం) ఉంటే ఈ పనికి చాలు.

సచివాలయంలో సర్వేయర్‌ని అడిగి ఊరి నక్షా జిరాక్సు తెచ్చుకోండి. దాన్ని పెద్ద చార్టు మీదికి ఎత్తి రోడ్లు, కాజ్‌వే (ఏటి పాయకు అడ్డంగా వేసిన పల్లపు దారి), రేవు, మురుగు కాలువలు, ట్రాన్స్‌ఫార్మరు, బోరింగులు గుర్తు పెట్టండి. అందం అక్కర్లేదు. ఎవరిల్లు ఎక్కడో తెలిస్తే చాలు.

అసలు పని మరకలు వెతకడం. ఎగువన భద్రాచలం దగ్గర 1986 ఆగస్టులో గోదారి 75.6 అడుగులకు పోయింది, 2022 జూలైలో 71.3కి. రెండూ చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. "ఎంతొచ్చింది?" అంటే "మొల్లోతు" అంటారు, ఎవరి మొల వాళ్ళది. "ఎన్నో మెట్టు మునిగింది? గడప దాటిందా? మంచం ఎక్కించిన బస్తాలు తడిశాయా?" అని అడగండి. గోడ మీద చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త: ఇటుక చెమ్మను పైకి పీలుస్తుంది, కాబట్టి తడి మరక నీటి మట్టం కన్నా పైనే ఉంటుంది. దాని కింద సన్నగా ఒండ్రు గీత కనిపిస్తే అదే నిజం. కొత్తగా సున్నం కొట్టిన గోడను వదిలేసి గుడి మెట్లు, బడి వరండా స్తంభాలు చూడండి.

ఇక లెవెల్ పైపు. బుడగల్లేకుండా నీళ్ళు నింపి ఒకరు ఒండ్రు గీత దగ్గర, ఇంకొకరు పక్క కరెంటు స్తంభం దగ్గర పట్టుకోండి. నీళ్ళు నిలిచిన చోట పెయింటు గీత. అలా స్తంభం నుంచి స్తంభానికి పోయి మళ్ళీ మొదటి చోటికి రండి. అంగుళం కన్నా ఎక్కువ తేడా వస్తే మళ్ళీ కొలవాల్సిందే. ఏటి నీరు వాలుగా ఉంటుంది, చెరువులా సమంగా నిలబడదు. అందుకే ఊరికి ఎగువ చివరా దిగువ చివరా వేర్వేరు మరకలతో మొదలుపెట్టాలి.

ఈసారి వరద ఎర్రనీరు వచ్చినప్పుడు నీళ్ళు ఏ గీతను ఏ గంటకు తాకాయో, అంతకు కొన్ని గంటల ముందు ధవళేశ్వరం అంకె ఎంతో నోటుబుక్కులో రాయండి. బ్యారేజీ దాటిన నీరు మన దాకా రావడానికి పట్టే టైము ఊరూరికీ వేరు. రెండు మూడు వరదలకు అది తేలుతుంది. అప్పుడు ధవళేశ్వరం అంకె ఎంతకు ఏది మునుగుతుందో పటం మీద వరస వేయండి: ముందు కాజ్‌వే, తర్వాత పల్లం వీధి, తర్వాత బడి. ఇల్లు మునగడం కన్నా దారి మునగడం చాలా ముందు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే ఏటా చూస్తున్నాంగా. నెలలు నిండిన ఆడపిల్లల్నీ మంచాన పడ్డవాళ్ళనీ కాజ్‌వే అంకెను బట్టే బయటికి తేవాలి, ఇంటి అంకెను బట్టి కాదు. వాళ్ళ ఇళ్ళకు ఎర్ర చుక్క పెట్టండి. పశువులకు, పడవలున్న ఇళ్ళకు వేరే రంగులు.

పటం గోడకు తగిలించి ఊరుకుంటే లాభం లేదు. ముందుగా మునిగే పల్లంలో గడ్డి, కూరగాయలు వేసుకోవచ్చు గానీ ఇంటి స్థలాలు ఇవ్వకూడదని గ్రామసభలో తీర్మానం చేయించండి. కొత్త ఇంటి పునాది 2022 వరద గీతకు అడుగు పైనుండాలి. అంత మెరక వేయడానికి డబ్బు చాలకపోతే కనీసం మీటరు బోర్డూ ధాన్యం అటకా ఆ గీత పైన కట్టించుకోండి. రొయ్యల చెరువు గట్టు మురుగు కాలువ మీదికి జరిగిందా చూడాలి. ఇది చెప్తే గొడవవుతుంది, తెలుసు. కానీ ఏరు నిండుగా ఉన్నప్పుడు మురుగు కాలువ ఏట్లో కలిసే చోట తూము తలుపులు మూసేస్తారు, ఊళ్ళో కురిసిన వానకు ఆ కాలువే చోటు.

ఏటిగట్టును మేలోనే నడిచి చూడండి. ఎలక బొరియలు, ట్రాక్టర్లు ఎక్కి దిగి కోసుకుపోయిన చోట్లు, ఇటుక బట్టీలకు మన్ను తవ్విన గోతులు ఉంటే పటం మీద గుర్తు పెట్టి, ఫొటోలతో ఇరిగేషన్ వాళ్ళకు కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి. ఇసుక బస్తాలు ఆ చోట్లకు దగ్గర్లోనే పేర్పించాలి.